నా కోపం నూట నలభై గ్రాములు

నవంబర్ 6

బడి వదిలాక మళ్ళీ డైరీ ముట్టుకోవడం ఇదే. నిన్న నా పళ్ళకు క్లిప్పులు వేశారు. ముందువైపు కాదు, వెనక, నాలుక తగిలే వైపు. బయటికి ఏమీ కనబడదు, నవ్వితే ఎప్పటి ఫుమియేనే. లోపల మాత్రం రేగుకంప. నాలుక అంచులు చీరుకుపోయాయి, ‘స’ అనబోతే ‘థ’ వస్తోంది. మాట్లాడకుండా ఉండలేని మనిషిని. నోరు మూతపడింది కాబట్టి చేతికి పని చెబుతున్నాను.

మా విభాగంలో ఇది ఆనవాయితీ. దంతవైద్యం ముగించి పై చదువుకు చేరిన ప్రతివాళ్ళూ ఈ వెనకవైపు క్లిప్పులు ఏడాది పాటు తామే పెట్టుకోవాలి. “రోగి నొప్పి పుస్తకంలో దొరకదమ్మా ఇగరషీ” అని నా ఇంటిపేరు పట్టి పిలుస్తూ కువబారా ప్రొఫెసర్ గారు స్వయంగా అతికించారు. మరి మీరెప్పుడైనా పెట్టుకున్నారా అని అడుగుదామనుకున్నాను. నోరు తెరిచే ఉంది గానీ అందులో ఆయన వేళ్ళున్నాయి.

నవంబర్ 7

పొద్దున టోఫు. మధ్యాహ్నం ఉడికిన ముల్లంగి. రాత్రి ముల్లంగి ఉడికిన నీళ్ళు.

నవంబర్ 11

పది గంటలకు అమ్మ మా ఊరు మురకామి నుంచి ప్రయోగశాలకు ఫోన్ చేసింది. నేను అద్దెకున్న ఇంటావిడ మేడ మీదికి వచ్చి పిలవదు కాబట్టి అమ్మ ఎప్పుడూ ఇక్కడికే చేస్తుంది.

“ఏమే ఫుమీ, అసలు నువ్వు చేసే పనేమిటే? పక్కింటావిడ అడిగితే నీళ్ళు నమిలాను.”

“పన్నుకొకటి చొప్పున చిన్న దిమ్మ అతికిస్తామమ్మా. బ్రాకెట్ అంటారు. దానికో గాడి ఉంటుంది, గాడిలో తీగ ఉంటుంది. అది ఊడకుండా ఇంకో సన్న తీగతో కట్టి మెలిపెడతాం. పన్ను ఆ తీగ వెంట మెల్లగా జరగాలి. గాడీ తీగా రాసుకుంటే జరగదు. ఆ రాపిడి ఎంతో కొలుస్తున్నాను.”

“దానికి కొలతెందుకు? మన తలుపు పట్టాలో ఇరుక్కుంటే నేనేం చేస్తాను? కొవ్వొత్తి రుద్దుతాను. నువ్వూ రుద్దు.”

“నోట్లో కొవ్వొత్తా?”

“మరి ఇన్నేళ్ళు చదివి ఏం నేర్చుకున్నట్టు? సరేలే, అసలు సంగతి విను. నాగఓకాలో ఒక దంతవైద్యుడున్నాడట, ఆయన రెండో కొడుకు కూడా...”

అసలు సంగతి ఇరవై నిమిషాలు సాగింది. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయన్న విషయం అందులో నాలుగుసార్లు వచ్చింది, నాకేదో తెలియనట్టు. నాకు కోపం రాలేదు. ఇలాంటివాటికి నేను ఎప్పుడో అలవాటుపడిపోయాను.

తర్వాత నేలమాళిగకు వెళ్ళి పది కట్లు కట్టి యంత్రానికి పెట్టాను. సగటు నూట ముప్ఫై ఆరు గ్రాములు. మొన్న సరదాకు కట్టి చూసినవి డెబ్భై దాటలేదు. కృత్రిమ లాలాజలం సీసా కొత్తది కదా, అదే అయ్యుంటుంది.

నవంబర్ 12

లాలాజలం సీసా మార్చాను. నలభై ఆరు గ్రాములు! అయితే అదేనన్నమాట.

యంత్రం గురించి రాసుకోవాలి, తర్వాత వ్యాసానికి పనికొస్తుంది. బ్రాకెట్‌ను పలకకు అతికించి, తీగ కట్టి, ఉమ్మిలాంటి ద్రవంతో తడిపి యంత్రానికి తగిలిస్తే అది తీగను కిందికి మెల్లగా లాగుతుంది. ఎంత బలం పట్టిందో కలం ఒకటి కాగితపు చుట్ట మీద గీస్తూ పోతుంది. వీధిలో లారీ వెళ్ళినా ఆ గీత వణుకుతుంది. అందుకే అక్కడ అందరూ పిల్లిలా నడవాలి.

ఆ యంత్రాలను చూసుకునేది హొన్మా గారు. సాదో ద్వీపం మనిషి, వయసు ముప్ఫై నాలుగు. వయసు వ్యాసానికి పనికిరాదు, ఏదో రాసేశాను. మనిషి రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఈ రోజు మాత్రం నా బల్ల మీద ఒక కాగితపు పొట్లం, చెంచా పెట్టి, “మా ఇంటి పెర్సిమన్ పళ్ళు డాక్టరు గారూ. బాగా మగ్గాయి. నమలక్కర్లేదు” అన్నారు. పది మాటల కోటా అయిపోయింది. మళ్ళీ సాయంత్రం దాకా నోరెత్తలేదు.

వారం తర్వాత ముల్లంగి కానిది తిన్నాను.

నవంబర్ 20

కువబారా గారు ఈ కొత్త బ్రాకెట్‌ను ఆరేళ్ళుగా చెక్కుతున్నారు. పాతదాని రాపిడి తొంభై అయిదు గ్రాములని మా పైవాళ్ళు ఎప్పుడో తేల్చారు. కొత్తది అందులో సగమే పడుతుందని నా కొలతలు చెబితే, మార్చిలో టోక్యో మహాసభలో ఆయన దాన్ని లోకానికి చూపిస్తారు. నాకు డాక్టరేటు వస్తుంది. కొలతలు కుదరకపోతే ఆయనకు ఆరేళ్ళు పోతాయి, నాకు ఇంకో ఏడాది పోతుంది. అప్పుడు నాగఓకా రెండో కొడుకే గతి అని అమ్మ ఇప్పటికే అంటోంది.

కొలతలు కుదరడం లేదు. ఒకరోజు నలభై అయిదు, మరోరోజు నూట నలభై. మధ్యలో ఏమీ లేదు, రెండు ఊళ్ళవాళ్ళు ఏటికి చెరోవైపు కూర్చున్నట్టు. లాలాజలం కాదని తేలింది. తీగ చుట్ట మార్చాను. గదిలో కిరసనాయిలు పొయ్యిని ఆ మూల నుంచి ఈ మూలకు జరిపించాను. హొన్మా గారు ఒక్క మాట అనకుండా జరిపారు, నేను మళ్ళీ మొదటి మూలే బాగుందన్నాను, మళ్ళీ జరిపారు.

ఈ రోజు నలభై మూడు. పొయ్యి మొదటి మూలలోనే ఉండాలి కాబోలు.

నవంబర్ 27

అమ్మ ఫోటో పంపింది. దళసరి అట్టల మధ్య, పట్టు కాగితం కింద, నాగఓకా రెండో కొడుకు. పళ్ళు చక్కగా ఉన్నాయి. ఎంత చక్కగా ఉన్నాయంటే, అట్ట మూయగానే మొహం గుర్తు లేదు.

ఫోటో అందిందో లేదోనని ఫోను కూడా చేసింది.

నూట నలభై ఒకటి. పొయ్యి మొదటి మూలలోనే ఉంది.

డిసెంబర్ 3

హొన్మా గారికి పైవరసలో కుడి కోరపన్ను వంకర. పక్క పన్ను మీదికి కాస్త ఎక్కి ఉంటుంది. నవ్వినప్పుడు అదొక్కటే ముందు బయటికొస్తుంది. మనిషి నవ్వేదే అరుదు కాబట్టి సరిగ్గా చూడాలంటే కాచుక్కూర్చోవాలి. ఈ రోజు రెండుసార్లు కనబడింది. పూర్తిగా వృత్తి దృష్టితోనే చూశాను. పద్నాలుగు నెలల చికిత్స పడుతుంది.

కొత్త స్వెట్టరు వేసుకున్నారు, ముదురాకుపచ్చ. నలభై రెండు గ్రాములు.

డిసెంబర్ 9

కొలతలన్నీ తీసుకుని కువబారా గారి గదికి వెళ్ళాను. వాటిని చూసి ఆయన చిన్నపిల్లాడిలా గెంతారు.

“నలభై అయిదు! నేను చెప్పలా? సగానికి సగం!”

“ఇవి కూడా ఉన్నాయి గురువుగారూ. నూట నలభైలు.”

“అవి చెయ్యి జారిన రోజులమ్మా. కొత్తలో అందరికీ జారుతుంది. పక్కన పెట్టెయ్.”

వెంటనే కిందికి దిగి, బండివాడి దగ్గర కాల్చిన చిలగడదుంపలు విభాగానికంతా కొనిపెట్టారు. నేను రెండు తిన్నాను. తిన్నంతసేపూ బాగుంది. తర్వాత మళ్ళీ కొలతల పుస్తకం తెరిచి ఆ నూట నలభైలే చూశాను. ఆ రోజుల్లో నా చెయ్యి జారలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నిజానికి ఆ రోజుల కట్లే చూడటానికి ముచ్చటగా, గట్టిగా ఉన్నాయి.

డిసెంబర్ 14

తెలిసిపోయింది. గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

అమ్మ ఫోన్ చేసింది. ఏడాది చివరి ఇల్లు కడుగుడు మొదలుపెట్టిందట. “ఫుమీ, ఇప్పుడే నీ గది తలుపుకు కొవ్వొత్తి రుద్దాను, హాయిగా జరుగుతోంది. నీ చిన్నప్పుడు ఆ తలుపుతో ఎన్ని తిప్పలో. అలిగి ఇంటికొస్తే అది ఇరుక్కునేది. నవ్వుకుంటూ వస్తే వేలితో తోసినా జరిగేది. తలుపదే, కొవ్వొత్తీ అదే. తోసే చెయ్యే తేడా.”

ఫోన్ పెట్టి కిందికి వెళ్ళి పట్టకారు చేతిలోకి తీసుకున్నాను. కట్టు తీగ మెలిపెట్టాను. ఒక మెలిక, రెండు, మూడు, మూడున్నర. కటుక్కున తెగింది. ఫోన్‌లో చివరి మాట నాగఓకా గురించే మరి.

పైకి పరిగెత్తి కొలతల పుస్తకం పక్కన ఈ డైరీ పెట్టుకున్నాను. నవంబర్ 11: అమ్మ ఫోను. నూట ముప్ఫై ఆరు. నవంబర్ 27: ఫోటో, ఫోను. నూట నలభై ఒకటి. ఇలా పదకొండు రోజులు, ఒక్కటి కూడా తప్పలేదు. కట్టు ఎంత బిగిస్తే తీగ గాడికి అంతగా నొక్కుకుంటుంది. బ్రాకెట్ తప్పు లేదు, తీగ తప్పు లేదు. నేను అమ్మ మీది కోపాన్ని ఆవగింజంత బ్రాకెట్ మెడకు బిగిస్తున్నాను. అలవాటుపడిపోయానట!

మరి నలభై అయిదుల సంగతో? అవీ తప్పే. ఆ రోజుల్లో కట్టు మరీ వదులు. డైరీలో ఆ రోజుల్లో ఏముందో చూశాను. పెర్సిమన్లు. పొయ్యి జరపడం. ఆకుపచ్చ స్వెట్టరు. మళ్ళీ పెర్సిమన్లు.

తీపి తింటే చేతులు వదులవుతాయేమో. చదవాలి.

డిసెంబర్ 16

గురువుగారికి ఎలా చెప్పను? ఆయన మహాసభకు కొత్త కోటు కుట్టించుకుంటున్నారు.

డిసెంబర్ 19

చెప్పేశాను! విభాగం వాళ్ళ ‘ఏడాదిని మరిచే విందు’ ఈ సాయంత్రమే. ఒక గిన్నె సాకే సారా తాగి, ఇంకొకటి తాగి, మోకాళ్ళ మీద జరుక్కుంటూ ఆయన ముందుకు వెళ్ళి కూర్చుని మొత్తం కక్కేశాను. నూట నలభైలు నా కోపమని, నలభై అయిదులు నా సంతోషమని, రెండూ మీ బ్రాకెట్‌వి కావని. మొదటి నుంచి కొలవాలని. క్లిప్పుల వల్ల సగం మాటలు ‘థ’ ‘థ’ అనే వచ్చాయి గానీ ఆయన శ్రద్ధగా విన్నారు.

“నిజం చెప్పావు ఇగరషీ. ధైర్యం ఉన్న పిల్లవి” అని నా గిన్నె నింపారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మంచి గురువు ఎవరికి దొరుకుతారు! వంతెన మీదుగా మంచులో పాడుకుంటూ వచ్చాను.

డిసెంబర్ 20

నేనొక మొద్దును.

పొద్దున గురువుగారు ఏమీ జరగనట్టు మొహం పెట్టుకుని వచ్చి, “ఇగరషీ, ఆ నలభై అయిదుల పట్టిక ఇరవై అయిదో తేదీలోగా ఇచ్చెయ్యి, మహాసభ వాళ్ళకు పంపాలి” అన్నారు. నేను నోరు తెరిచాను. “నిన్న మీతో చెప్పాను కదండీ...” ఆయన కనుబొమలు ఎత్తి, “నిన్నా? నిన్న విందు కదా?” అన్నారు.

అవును, విందు. ఆ విందులో ఎవరేమన్నా తెల్లారేసరికి అది అనని మాటే. పైవాణ్ణి తిట్టినా, ఏడ్చినా, బల్లెక్కి గెంతినా మర్నాడు ఎవరికీ గుర్తుండకూడదు. అందుకేగా ఏడాదికోసారి ఆ విందు! ఐదేళ్ళ కిందట నేనే ఒకాయన బట్టతల మీద గిన్నె బోర్లించాను, మర్నాడు ఆయన నాకు వంగి దండం పెట్టాడు. బతుకులో ఒక్క ముఖ్యమైన మాట చెప్పడానికి నేను ఏరి కోరి ఆ చోటే చూసుకున్నాను.

డిసెంబర్ 23

మళ్ళీ చెప్పాను. పగలు, గ్రీన్ టీ ముందు పెట్టుకుని. అయిదు రెట్లు కష్టంగా ఉంది.

గురువుగారు కిటికీలోంచి మంచు చూశారు. “ఈ మాట ఎక్కడో విన్నట్టుంది” అన్నారు మొహంలో ఏమీ కనబడనీయకుండా. తర్వాత, “సరే. కానీ కోపంగా ఉన్నాను, సంతోషంగా ఉన్నాను అంటే మహాసభ ఊరుకోదు. రుజువేది? ఏ రోజు ఎలా ఉన్నావో ఎక్కడైనా రాసిపెట్టుకున్నావా?” అన్నారు.

“లేదండీ” అన్నాను.

“రుజువు ఉంటే మళ్ళీ కొలుద్దాం. లేకపోతే చెయ్యి జారిందనే రాద్దాం. జనవరి పది దాకా ఆగుతాను.”

ఈ డైరీ ఎలా చూపిస్తాను? సెమినార్లో ఆయన గురక గురించి నవంబర్ 18న అర పేజీ ఉంది. ఆకుపచ్చ స్వెట్టరు ఉంది. పన్ను ఉంది.

డిసెంబర్ 30, మురకామి

ఇంటి చూరుకు నలభై సాల్మన్ చేపలు తలకిందులుగా వేలాడుతున్నాయి. అమ్మ ఇంకొకదాన్ని కోస్తూ ఉంటే పక్కన కూర్చున్నాను. డైరీలో పనికొచ్చే ముక్కలే వేరే కాగితం మీద ఎత్తి రాద్దామని మధ్యాహ్నమంతా కూర్చున్నాను. అమ్మ ఫోన్లు రాయగలిగాను. రెండో గుంపు, అంటే నలభై అయిదుల రోజుల దగ్గర కలం ఆగిపోయింది. పెర్సిమన్ అని రాస్తే, ఎవరిచ్చారంటారు.

“మొహమేంటే అలా పెట్టావు?” అంది అమ్మ.

“ఒకళ్ళకి నిజం చూపించాలి. చూపిస్తే మొత్తం బయటపడుతుంది.”

అమ్మ కత్తి ఎత్తి చేప కడుపు చూపించింది. సమురాయ్‌లు కడుపు కోసుకున్నట్టు ఉంటుందని మా ఊళ్ళో దాన్ని పూర్తిగా చీల్చరు. మధ్యలో బెత్తెడు కలిపి ఉంచేసి, పైనా కిందా కోస్తారు. “కడుపంతా ఒక్కసారి కోసుకోవడం అచ్చిరాదే. కాస్త కలిపే ఉంచు.”

“కలిపి ఉంచితే రుజువు కాదమ్మా.”

“అయితే నీ చేప ఎవరిదో వాళ్ళనే కొయ్యమను” అని నవ్వింది. ఈమెకు ఏం తెలుసో నాకు అర్థం కాదు.

జనవరి 2

కొత్త సంవత్సరం పండగే అయినా మోచీ, ఆ జిగురు బియ్యపు ముద్ద, నేను తినకూడదని తెలుసు. ఒక్కటే తిన్నాను. జిగురంతా తీగకు చుట్టుకుపోయింది. అమ్మ, నేను, అద్దం, పళ్ళపుల్ల, గంటన్నర. నాగఓకా రెండో కొడుకు శుభాకాంక్షల కార్డు పంపాడు. చేతిరాత కూడా చక్కగానే ఉంది, పాపం.

జనవరి 7

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

రుజువు లేదు కాబట్టి చివరి ఆశగా వాతావరణం మీదికి నెట్టేద్దామనిపించింది. హొన్మా గారి దగ్గర యంత్రం దినచర్య పుస్తకం ఉంటుంది. రోజూ గది వేడి, తేమ, యంత్రం నడిచిన వేళలు రాస్తారు. ఒకసారి ఇస్తారా అని అడిగాను.

“ఇప్పటిదా, పాతదా డాక్టరు గారూ?”

“నవంబర్ నుంచి.”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నా రాత బాగుండదండీ. అంకెలు కావాలంటే నేనే చదివి చెబుతాను.”

“ఫర్వాలేదు, నేను చదువుకుంటాను.”

ఇచ్చారు. ఇచ్చి, “గుమ్మం ముందు మంచు పేరుకుంది” అని పార తీసుకుని బయటికి పోయారు. గుమ్మం ముందు పొద్దున్నే తీసేశారు, నేను చూశాను.

వేడి, తేమ, వేళలు. ఎక్కడా తేడా లేదు. పక్కన ఇంకో గడి ఉంది: ‘చుట్టుపక్కల శబ్దాలు’. లారీ వెళ్ళినా గీత వణుకుతుంది కాబట్టి అది రాయడం ఆయన పని. అందులో ఇలా ఉంది.

నవంబర్ 11. మంచు తీసే బండి, తొమ్మిదిన్నరకు. పది గంటలకు పై గదిలో ఫోను. తర్వాత ఇగరషి గారు పట్టకారు రెండుసార్లు బల్ల మీద విసిరారు. పాట లేదు.

నవంబర్ 12. ఇగరషి గారి పాట, మెల్లగా, రోజంతా. గీతకు ఇబ్బంది లేదు.

నవంబర్ 20. పొయ్యి రెండుసార్లు జరిపిన చప్పుడు. పాట.

నవంబర్ 27. ఫోను. పాట లేదు. తీగ తెగిన చప్పుడు నాలుగుసార్లు.

డిసెంబర్ 3. పాట. మధ్యలో ఆగి ఆగి.

నేను పాడతానా? పని చేసేటప్పుడు పాడుకుంటానని నాకిప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఒక్క పని రోజులు, ప్రతి రోజూ పాట ఉందో లేదో. పాట ఉన్నరోజు నలభైలు, లేనిరోజు నూట నలభైలు. డైరీ అక్కర్లేదు. రుజువు నేలమాళిగలో, నాకు మూడు గజాల దూరంలో, రెండు నెలలుగా ఉంది.

పుస్తకం మూసేసేదాన్నే. ఇంకో పేజీ తిప్పాను.

డిసెంబర్ 29. సెలవు. ఓడ నడవక సాదో వెళ్ళలేదు. గొట్టాలు గడ్డకట్టకుండా చూడటానికి వచ్చాను. యంత్రం ఆపి ఉంది. పాట లేదు.

ఆపిన యంత్రానికి చుట్టుపక్కల శబ్దాలు ఎందుకు రాయాలి? ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో తెలియదు. ఆయన మంచుతో నెత్తి తెల్లబడి తిరిగొచ్చేదాకా చదివాను. తీపి వల్ల చేతులు వదులవడం గురించి ఇక చదవక్కర్లేదు.

“ఇది గురువుగారికి చూపించాలి. మీకు ఇష్టం లేకపోతే చూపించను” అన్నాను.

ఆయన చాలాసేపు పారకు అంటిన మంచు దులిపారు. “యంత్రం రికార్డు కదా డాక్టరు గారూ. దాచకూడదు.”

జనవరి 8

గురువుగారు ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదివారు. ‘పట్టకారు రెండుసార్లు విసిరారు’ దగ్గర పగలబడి నవ్వారు. “చూశావా ఇగరషీ, మీ అమ్మగారు మురకామి నుంచి తీగ బిగిస్తున్నారు!” ‘పాట, మధ్యలో ఆగి ఆగి’ దగ్గర నన్ను చూశారు, హొన్మా గారిని చూశారు. డిసెంబర్ 29 పేజీకి వచ్చి చదవడం ఆపేశారు. పుస్తకం మెల్లగా మూసి, “ఈ పేజీ మన ప్రయోగం కిందికి రాదు” అని టీ తాగారు. మేమిద్దరం గోడ మీది పంచాంగం చూస్తూ కూర్చున్నాం.

“అయితే సగానికి సగం అని నెల రోజులు గెంతాను. అది నా బ్రాకెట్ గొప్పతనం కాదన్నమాట” అన్నారు కాసేపటికి.

“క్షమించండి గురువుగారూ.”

“క్షమించడమేమిటి? పందొమ్మిదో తేదీనే చెప్పావుగా.”

“మీకు గుర్తుందా! మరి మర్నాడు...”

“విందులో విన్నది మర్నాడు గుర్తుంచుకుంటే వచ్చే ఏడు నన్నెవరు పిలుస్తారమ్మా? అయినా తాగి చెప్పిన నిజం మీద ఆరేళ్ళ పని వదులుకోను. టీ తాగుతూ చెబితే వదులుకుంటాను.” లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. వీపు మాత్రం కాసేపు ముసలివాడి వీపులా కనబడింది, నాకు బాధేసింది. తిరిగేసరికి మళ్ళీ నవ్వు. “మార్చిలోగా నూట ఇరవై కట్లు, మొదటి నుంచి. చెయ్యగలవా?”

“చేస్తాను.”

జనవరి 21

హొన్మా గారు పట్టకారుకు ఒక చిన్న స్ప్రింగు బిగించారు. మెలిక లెక్కకు రాగానే టక్కుమని జారిపోతుంది, ఇక నేనెంత పళ్ళు కొరికినా బిగియదు. మూడు రాత్రులు కూర్చుని చేశారట. “ఇప్పుడు ఫోన్లు ఎన్నొచ్చినా ఫర్వాలేదు” అన్నారు. పన్ను కనబడింది.

ఎనభై నాలుగు.

జనవరి 22

అమ్మ ఫోను. ఎనభై మూడు!

ఫిబ్రవరి 12

ఎనభై రెండు. ఎనభై నాలుగు. ఎనభై మూడు. ప్రపంచంలో ఇంత అందమైన విసుగు ఇంకోటి లేదు.

గురువుగారు నేలమాళిగకు వచ్చి హొన్మా గారి నోటి వంక చూసి, “ఆ కోరపన్ను భలే ఉందోయ్. నా కొత్త బ్రాకెట్‌కు మొదటి రోగివి నువ్వే, పైసా వద్దు” అన్నారు. హొన్మా గారు నన్నడిగారు, “మీరేమంటారు డాక్టరు గారూ?”

ఆలోచించి చెబుతానన్నాను.

మార్చి 14

నిన్న మహాసభ. గురువుగారు కొత్త కోటులో నిలబడి, మా బ్రాకెట్ రాపిడి ఎనభై మూడు గ్రాములు, పాతదానికంటే పన్నెండే తక్కువ అన్నారు. చప్పట్లు మామూలుగా పడ్డాయి. తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచి కట్టే చెయ్యి సంగతి చెప్పమన్నారు. పాట, పాట లేదు అన్న పట్టిక తెర మీద పడగానే ముందు హాలంతా నవ్వింది. ఆ తర్వాత చప్పుడే లేదు. కట్టు చేత్తో కట్టి కొలిచినవాళ్ళు ఆ హాల్లో ఎంతమందో! ఒక పెద్దాయన లేచి, “ఇరవై ఏళ్ళ కిందట నా కొలతలకూ రెండు గుంపులొచ్చాయి, ఒకటి పక్కన పెట్టేశాను” అని కూర్చున్నాడు. గురువుగారు నా భుజం తట్టారు. ‘స’ అన్నీ సరిగ్గా పలికాను.

మార్చి 16

పది గంటలకు అమ్మ.

“డాక్టరేటు వస్తుందటగా! ఒక సాల్మన్ పంపుతున్నాను. ఇప్పుడైనా చెప్పు, నాగఓకా వాళ్ళకు ఏమనమంటావు?”

“వద్దనమ్మా.”

“ఎవరైనా ఉన్నారా?”

“ఇక్కడ యంత్రాలు చూసుకునే ఆయన. సాదో మనిషి.”

“చూడ్డానికి ఎలా ఉంటాడు?”

“ఒక కోరపన్ను వంకర.”

“ఓసి పిచ్చిదానా, పళ్ళు సరిచేసే డాక్టరువి! ఒక్క పన్ను సరిచెయ్యలేవూ?”

“చెయ్యగలను. చెయ్యను.”

అమ్మ గొంతు సవరించుకోవడం వినబడింది.

“అయితే ఒకటెందుకు, రెండు చేపలు పంపుతాను” అంది.

కిందికి వెళ్ళి పది కట్లు కట్టాను. ఎనభై మూడు, పదికి పది. ఆ గీత చూసినవాడెవడూ నేనీ రోజు ఎలా ఉన్నానో చెప్పలేడు. మూడు గజాల దూరంలో హొన్మా గారు దినచర్య పుస్తకం తెరిచి, ‘చుట్టుపక్కల శబ్దాలు’ గడిలో ఏదో రాసుకుంటున్నారు. ఏం రాస్తున్నారని అడగలేదు. ఈసారి పాట నాకూ వినబడింది.